సత్రం ఆమె ఏమన్నది

యూనివర్సిటీ లేడీస్ హాస్టల్,
హైదరాబాద్.
12 అక్టోబరు 2025

చిన్నమ్మకు స్వర్ణ వందనాలు.

ముందుగా ఒక మాట. ఈ ఉత్తరం పొయ్యిలో పెట్టకుండా చివరి దాకా చదువు. నువ్వు తెమ్మన్న క్రిస్మస్ నాటకం ట్రాక్ కోసం నిన్న తార్నాక వెళ్ళాను. కొనకుండా తిరిగి వచ్చాను.

మెట్రో స్టేషన్ దగ్గర జిరాక్స్ సెంటర్ పక్కన ఒక చిన్న దుకాణం ఉంది. ఫోన్లకు గ్లాసులు అతికిస్తాడు, పెన్‌డ్రైవుల్లో పాటలు ఎక్కిస్తాడు. "క్రిస్మస్ నాటకం ట్రాక్ ఉన్నదా అన్నా?" అని అడిగితే, "మస్తుగున్నయి అక్కా. గంటది గావాల్నా, అరగంటది గావాల్నా?" అన్నాడు. ఒక్కొక్కటీ పెట్టి వినిపించాడు. అన్నిట్లోనూ అవే మాటలు, అదే సంగీతం, దేవదూతకు అదే గొంతు. నా పదేళ్ళప్పుడు అట్ట రెక్కలు కట్టుకొని నేను నోరు కదిపింది ఆ గొంతుకే. బక్కపిల్ల నోట్లోంచి అంత లావు మగ గొంతు వచ్చేసరికి ఊరంతా పడీ పడీ నవ్వింది. ఏడుస్తూనే చివరి దాకా నోరు కదిపాను. నువ్వు ట్రాక్ వేసే పెట్టె పక్కన కూర్చొని నా వైపే చూస్తున్నావు మరి!

దుకాణం ముందు నిలబడి ఉంటే నాకు ఒళ్ళు మండింది. అతని మీద కాదు, నా మీదే. ఎం.ఏ. అయ్యాక ఉద్యోగ పరీక్షకు చదువుతున్నానని నువ్వు నలుగురికీ గొప్పగా చెప్పుకుంటున్నావు. నేను చదవడం లేదు చిన్నమ్మా, చూస్తున్నాను. పొద్దున కోచింగ్ వీడియోలు చూస్తాను. మధ్యాహ్నం నుంచి సీరియళ్ళు, వంటలు, ఎవరెవరి పెళ్ళిళ్ళో. కళ్ళు మూసుకుంటే ఒక్కటీ గుర్తుండదు. ఎవరో మాట్లాడతారు, నేను తల ఊపుతాను. దేవదూత వేషం వేసి ఇన్నేళ్ళయినా ఆ పని మానలేదన్నమాట.

అందుకని ఒకటి అనుకున్నాను. ఈ ఏడు మన నాటకం నేను రాస్తాను. ట్రాక్ ఉండదు. పిల్లలు వాళ్ళ నోటితో వాళ్ళే మాట్లాడతారు. ఫోన్ నా రూమ్మేట్ హరిచందన అల్మారాలో పెట్టించాను. సాయంత్రం కాసేపు ఇస్తుంది, మళ్ళీ లాక్కుంటుంది. పోలీసు ఉద్యోగానికి చదివే పిల్ల, బాగా పనికొస్తోంది.

ఫోన్ చేసి చెప్తే చిన్నాయన స్పీకర్ పెడతాడు, ఊరంతా వింటుంది. అయినా నన్ను ఆరో తరగతిలో హాస్టల్లో వేసినప్పటి నుండి మన ఇద్దరి అసలు సంగతులన్నీ ఉత్తరాల్లోనే కదా.

నీ
స్వర్ణ

*

గుండ్లపల్లి,
20 అక్టోబరు 2025

స్వర్ణ బిడ్డకు చిన్నమ్మ దీవెనలు. ప్రభువు కృప వల్ల ఇక్కడ అందరం క్షేమం. మేక ఈనింది, రెండు పిల్లలు. మీ చిన్నాయనకు ఆ సంగతి నేను చెప్తే గాని తెలియలేదు. పాకలోనే మంచం మీద పడుకొని ఫోన్ చూస్తున్నాడు, మేక ఆయన తల దగ్గరే ఈనింది.

నీ ఉత్తరం పొయ్యిలో పెట్టలేదు. పెట్టాలనిపించింది.

ఇరవై ఏళ్ళుగా ఆ పెట్టె దగ్గర కూర్చున్నది నేను. ఎక్కడ ఆపాలో, ఎక్కడ గొంతు పెంచాలో, ఏ పిల్ల ఎప్పుడు మోకాళ్ళ మీద కూర్చోవాలో నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. పాత చీరలు కత్తిరించి రాజులకు అంగీలు కుట్టింది నేను. జ్ఞానులకు గడ్డాలు అతికించింది నేను. అదంతా నీకు నోరు కదపడంలా కనిపించింది. పట్నంలో పెద్ద చదువు చదివావు, కనిపిస్తుంది. పదేళ్ళ పిల్లవు ఏడిస్తే నేను నీ వైపు చూసింది ధైర్యం చెప్పడానికి. బెదిరించడానికి అనుకున్నావా ఇన్నాళ్ళూ?

మన పిల్లలు బడిలో పేరు అడిగితేనే నేల చూస్తారు. ఊరంతా కూర్చున్న చోట అన్నన్ని మాటలు ఎట్లా చెప్తారు? మరిచిపోతే నవ్వులపాలయ్యేది వాళ్ళు. నువ్వు కాదు. పాస్టర్ వెంకటేశం అయ్యగారిని అడిగాను. "వాక్యానికి తేడా రాకుంటె రాయనీ. కని డిసెంబరు పడెటాలకు చేతుల ఉండాలె, లేకుంటె ట్రాకే" అన్నారు. నేనైతే ట్రాకే తెమ్మంటాను. జనవరిలో పరీక్ష పెట్టుకొని ఇదేమి పని? అక్క పోయాక నిన్ను చదివించింది నాటకాలు రాయడానికా?

పప్పు పొడి పంపాను. హరిచందనకు కూడా పెట్టు.

ఇట్లు,
కోపంగా ఉన్న చిన్నమ్మ,
ఈరమ్మ

*

యూనివర్సిటీ లేడీస్ హాస్టల్,
27 అక్టోబరు 2025

కోపంగా ఉన్న చిన్నమ్మకు, భయంగా ఉన్న స్వర్ణ వందనాలు.

పప్పు పొడి మొదటి రోజే సగం అయిపోయింది. హరిచందన అన్నం మానేసి పొడే తింటోంది.

నీ పని నేను తీసేయడం లేదు. పెంచుతున్నాను. పెట్టెలోని వాళ్ళకు "కాస్త నెమ్మదిగా చెప్పు నాయనా" అని నువ్వు ఎప్పుడైనా చెప్పగలిగావా? పిల్లలకు చెప్పగలవు. వాళ్ళు మాట్లాడాలంటే నేర్పే మనిషి కావాలి. ఆ మనిషివి నువ్వే. నా ఉత్తరంలో ఆ ముక్క రాయకపోవడం నా తప్పే, కోపం తగ్గించుకో.

నా సంగతి విను. రోజూ పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుంటున్నాను. వాకింగ్‌కు వచ్చేవాళ్ళు హబ్సిగూడ నుంచి, తార్నాక నుంచి గుంపులుగా వస్తారు, నా చుట్టూనే మెట్లెక్కి దిగుతుంటారు. మొదటి రోజు ఒక్క ముక్క రాయలేదు. చెయ్యి దానంతటదే ఫోన్ కోసం సంచిలోకి పోయింది. రెండో రోజు రాసింది చూసుకుంటే అన్నీ నేను చూసిన సీరియళ్ళ మాటలే. యోసేపు హీరోలా మాట్లాడుతున్నాడు! చింపేశాను. "ఇంత తిప్పలెందుకే, యాప్‌కు చెప్తే రెండు నిమిషాల్లో రాసిచ్చేస్తుందిగా" అంది హరిచందన. రాయించి చూశాం కూడా. బ్రహ్మాండంగా ఉంది. ఏ ఊళ్ళో వేసుకున్నా సరిపోతుంది. అందుకే నాకు నచ్చలేదు.

ఇప్పుడు కాస్త దారిన పడ్డాను. గొర్రెల కాపర్ల సీను అయిపోయింది, ఈ కవరులోనే పెట్టాను. వాళ్ళు చలిమంట దగ్గర కూర్చొని తోడేలు గురించి, జీతం గురించి, ఒకడి పెళ్ళి గురించి మాట్లాడుకుంటారు. మెస్సులో ఆడపిల్లలకు చదివి వినిపిస్తే వడ్డించే అక్క గరిటె పట్టుకొని అట్లాగే నిలబడిపోయింది.

సత్రం దగ్గర ఆగిపోయాను. నిండు గర్భిణి వచ్చి తలుపు కొడితే లోపలి ఆడమనిషి జాగ లేదంటుంది. ఎట్లా అంటుంది? మన ఊళ్ళో అయితే ఏమంటారు? ఆలోచించి రాయి.

పరీక్ష సంగతి మరిచిపోలేదు. నాటకం మొదలుపెట్టాక చదువు కూడా బుర్రకెక్కుతోంది, ఒట్టు.

నీ
స్వర్ణ

*

గుండ్లపల్లి,
9 నవంబరు 2025

స్వర్ణ బిడ్డకు చిన్నమ్మ దీవెనలు.

కోపం తగ్గింది. పూర్తిగా కాదు. ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లల్ని కూర్చోబెట్టి, నువ్వు పంపిన కాపర్ల సీను చదివించాను. మొదట చీమ గొంతులతో చదివారు. తోడేలు మాట వచ్చేసరికి అందరికీ ఒక్కసారి ఊపు వచ్చింది, నేను ఆపమన్నా ఆపలేదు. అయ్యగారు నవ్వారు. నేనూ నవ్వాను, దాచడమెందుకు.

కానీ చోటు దొరకడం లేదు. గుళ్ళో సున్నం వేస్తున్నారు. బయట కూర్చోబెడదామంటే వాన వదలడం లేదు. అమృతమ్మ వదిన ముందు గదిలో పిల్లల్ని కూర్చోబెట్టుకోనివ్వమని అడగడానికి వెళ్ళాను. సంఘ పెద్ద ఇల్లు కదా, ఏటా నాటకం వేసేది వాళ్ళ వాకిట్లోనే కదా, ఆ మాత్రం చనువు ఉందనుకున్నాను. తలుపు సందులోంచే మాట్లాడింది. "లోపల వడ్లు పోసినం వదినా, కాలు పెట్ట జాగ లేదు" అన్నది. వడ్లెక్కడివి? కోతలే కాలేదు. కిటికీలోంచి చూస్తే కొత్త సోఫా కనిపించింది, పైన ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. చేసేది లేక మన పాకలోనే మేకల్ని అవతల కట్టి కూర్చోబెట్టాను. మీ చిన్నాయనకు పడుకునే చోటు పోయింది. ఫోన్ పట్టుకొని గోడకు ఆనుకొని కూర్చుంటున్నాడు, అప్పుడప్పుడూ తల ఎత్తి "ఆ పిలగాడు మంచిగ జెప్తుండు" అంటున్నాడు.

మిగతా సీన్లు తొందరగా పంపు.

ఇట్లు,
చిన్నమ్మ

*

యూనివర్సిటీ లేడీస్ హాస్టల్,
16 నవంబరు 2025

చిన్నమ్మకు కోటి వందనాలు.

నువ్వు భలేదానివి. సత్రం సీను అయిపోయిందంటే అది నీ వల్లే. నీ ఉత్తరం చదువుతూ మెట్ల మీద ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే, కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయన ఆగి "అంతా కుశలమేనా అమ్మా?" అని అడిగి వెళ్ళాడు.

నాటకం మొత్తం ఈ కవరులో ఉంది. తార్నాకలో టైపు చేయించాను, పెద్ద అక్షరాలతో, పిల్లలకు తేలిగ్గా ఉంటుందని. నువ్వు ఎట్లా అంటే అట్లా. కానీ సత్రం సీను మాత్రం ఒక్క మాట కూడా మార్చకు. హాస్టల్లో చదివితే అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఇంత ఆనందం ఎన్నాళ్ళకు దొరికిందో! ఏదో ఒకటి చేశానన్న ఆనందం ఇట్లా ఉంటుందని నాకు ఇంతకుముందు తెలియదు.

నీ
స్వర్ణ

*

గుండ్లపల్లి,
27 నవంబరు 2025

స్వర్ణకు,

నీ కవరు పోయిన శుక్రవారం సాయంత్రం ప్రార్థన కూడికలో చేతికి వచ్చింది. అందరూ గుళ్ళోనే ఉన్నారు. "చదువు ఈరమ్మా, మేం గూడ ఇంటం" అన్నారు అయ్యగారు. సత్రం సీను నా వల్లే అయిందని రాశావు, నా ప్రార్థన వల్ల కాబోలు అనుకొని సంతోషంగా నిలబడి చదివాను. ముందు వరసలో అమృతమ్మ వదిన కూర్చుంది.

సత్రం ఆమె తలుపు సందులోంచి "లోపల వడ్లు పోసినం బిడ్డా, కాలు పెట్ట జాగ లేదు" అన్నదని చదివాక గాని నాకు వెలగలేదు. నేను ఆగినా పక్కనున్న పిల్ల ఆగలేదు. నా చేతిలోని కాగితం చూసి తర్వాతి ముక్క గట్టిగా చదివేసింది. కిటికీలోంచి కొత్త పరుపు కనిపించిందట, పైన కవరు కూడా తీయలేదట! గుడి గుడంతా గొల్లుమంది. ఊళ్ళో ఆ కొత్త సోఫా సంగతి తెలియనివాళ్ళు ఎవరు? అమృతమ్మ వదిన కొంగు తల మీదికి లాక్కొని లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు కబురు వచ్చింది. ఈ ఏడు వాకిలి ఇవ్వరు, షామియానా ఇవ్వరు, మైకు ఇవ్వరు. "ఇంక లాభం లేదు ఈరమ్మా, ట్రాక్ దెప్పియ్యి, గుడి ముందట్నే చిన్నగ జేద్దాం" అన్నారు అయ్యగారు. పిల్లలు ఏడుస్తున్నారు. వాళ్ళకు మాటలన్నీ వచ్చేశాయి.

నీతో చెప్పుకున్నది నీ కడుపులో దాచుకుంటావని చెప్పుకున్నాను. ఊరి ముందు చదివించడానికి కాదు. ఆమె నన్ను ఏమనుకుంటుంది? తన ఇంటి గుట్టు నేనే మోసి పట్నానికి పంపాననుకోదా? అనుకుంటే మాత్రం అబద్ధం ఏముంది?

నువ్వు ఈ పండుగకు రాకు.

ఈరమ్మ

*

యూనివర్సిటీ లేడీస్ హాస్టల్,
1 డిసెంబరు 2025

చిన్నమ్మకు,

నువ్వు ఈసారి దీవెనలు రాయలేదు. ఆ చోటు ఖాళీగా ఉండటం చూసి చాలాసేపు ముందుకు చదవలేకపోయాను.

జరిగింది చెప్తాను. సత్రం ఆమె ఎట్లా అంటుందని నేను అడిగాను. నువ్వు అమృతమ్మ అత్త సంగతి రాశావు. అదే నీ జవాబు అనుకున్నాను. ఎంత తెలివిగా చెప్పింది మా చిన్నమ్మ అని మురిసిపోయి ఉన్నదున్నట్టు దింపాను. నీ మనసులో అది లేదని నాకు తట్టనే లేదు. నువ్వు నన్ను నాలుగు దెబ్బలు కొట్టినా పడతాను.

కానీ ట్రాక్ కొని పంపను. ఈ ఒక్క విషయంలో నా మీద ఎంత కోపం వచ్చినా సరే. పిల్లలకు మాటలన్నీ వచ్చేశాయని నువ్వే రాశావు. వచ్చిన మాటలు మింగి మళ్ళీ ఆ లావు గొంతుకు నోరు కదపమని వాళ్ళతో ఎట్లా చెప్తావు? నువ్వు చెప్పగలిగినా నేను చెప్పనివ్వను.

నీ ఉత్తరం వచ్చాక ఆ సీను మళ్ళీ చదివాను. మెట్ల మీద కాదు, లైబ్రరీలో ఒక మూల కూర్చొని. చిన్నమ్మా, అది బాగాలేదు. హాస్టల్లో చప్పట్లు కొట్టింది వెక్కిరింత బాగుందని. ఆమె ఎందుకు లేదన్నదో అందులో లేదు. నేను ఆ తలుపుకు ఇవతల నిలబడి రాశాను, అవతల నిలబడి రాయలేదు. అవతల ఏముందో నాకు తెలియదు కూడా. పెద్ద ఇంటి ఆడమనిషిని నేనెప్పుడు అయ్యాను?

తెలిసిన మనిషి ఉంది. ఆ కాగితం తీసుకొని అమృతమ్మ అత్త దగ్గరికి వెళ్ళు. నా తరఫున క్షమించమని అడుగు, తర్వాత ఇంకో మాట అడుగు. "నువ్వే ఆ సత్రంలో ఉంటె, నొప్పులు పడే పిల్ల తలుపు కొడితె, ఏమంటవు?" అని. ఆమె ఏమంటే అది రాసుకో. ఒక్క అక్షరం మార్చను. తిట్టినా సరే, ఆ తిట్లే పెడతాను. వెళ్ళడం నీకు చావుతో సమానమని నాకు తెలుసు. అయినా వెళ్ళమనే అడుగుతున్నాను.

పండుగకు రాకు అన్నావు. రాను.

స్వర్ణ

*

గుండ్లపల్లి,
12 డిసెంబరు 2025

స్వర్ణ బిడ్డకు చిన్నమ్మ దీవెనలు. (రెండింతలు, పోయినసారివి కలిపి.)

వెళ్ళాను. గేటు దాకా రెండుసార్లు వెళ్ళి తిరిగి వచ్చాను, మూడోసారి మీ చిన్నాయన వెనక నిలబడి "పో" అన్నాడు. ఫోన్ పక్కన పెట్టి మరీ అన్నాడు. అమృతమ్మ వదిన తలుపు బార్లా తీసి, "రా, లోపల్కి రా. వడ్లు లేవు, సూస్కో" అన్నది. నేలలోకి పోవాలనిపించింది. సోఫా మీద కూర్చోబెట్టింది. ఆ కవరు కరకరలాడుతుంటే కదలకుండా కూర్చొని క్షమించమన్నాను.

ఆమె సోఫా కవరు అంచు సర్దింది. తర్వాత అన్నది, "ఈ సోఫా మా కోడలు పుట్టింటోళ్ళు పెట్టింది. పిలగాండ్లు తొక్కి కరాబు జేస్తె ఆమెకు ఏం జెప్పాలె? గందుకే అబద్ధమాడిన. నన్ను ఒక్కసారన్న అడిగినవా వదినా?" అడగలేదు కదా.

అప్పుడు నీ కాగితం తీసి నీ ప్రశ్న అడిగాను. కొట్టి పంపిస్తుందనుకున్నాను. కాగితం చూసి మూతి విరిచి, "మీ స్వర్ణకు నొప్పులంటె ఏం ఎరుక? సత్రం అంటె ఏంది? ఊర్లెంబడి తిరిగెటోళ్ళు, తాగెటోళ్ళు, మొగోళ్ళే పండుకుంటరు. నొప్పులు పడే ఆడపిల్లను ఆ మొగోళ్ళ నడుమ పండబెడ్తరా? జాగ ఉన్నా పండబెట్టొద్దు. నేనైతె కొట్టంలకు దోల్కపోత. ఆడ చాటుంటది. గడ్డి మెత్తగుంటది, పశువుల ఊపిరికి ఎచ్చగుంటది. నీళ్ళు కాగబెడ్త, పాత చీరె చింపిస్త. గట్ల రాయి" అన్నది.

స్వర్ణా, నాకు కన్నీళ్ళు ఆగలేదు. ఇన్నేళ్ళుగా ఈ కథ వింటున్నాను, ఆ సత్రం వాళ్ళను తిట్టుకుంటూనే విన్నాను. ఆ తలుపు దగ్గర మన లాంటి ఆడది ఉండి ఉంటుందని ఒక్కనాడూ అనుకోలేదు.

వదినను వెంటబెట్టుకొని వెళ్ళి అయ్యగారికి చెప్పాను. ఆయన బైబిల్లో ఆ వాక్యం తీసి వెతికారు. "సత్రంల స్థలం లేదని ఉన్నది గని, ఎవరన్నరో, ఎట్లన్నరో లేదు ఈరమ్మా. చెయ్యుండ్రి" అన్నారు. సత్రం ఆమె వేషం ఎవరికి ఇద్దామని నేను అడిగేలోపే అమృతమ్మ వదిన "ఇంకెవరన్న జెప్తె చెడగొడ్తరు" అన్నది. వాకిలి, షామియానా, మైకు అన్నీ వచ్చాయి. ఆమె మాటలు ఇందులో రాసి పంపుతున్నాను. సీను సరిచేసి వెంటనే పంపు.

ఇట్లు,
చిన్నమ్మ

*

యూనివర్సిటీ లేడీస్ హాస్టల్,
20 డిసెంబరు 2025

చిన్నమ్మకు స్వర్ణ వందనాలు.

సీను మొన్ననే పంపాను, అంది ఉంటుంది. అమృతమ్మ అత్త మాటల్లో ఒక్కటి కూడా కదపలేదు. కదపడానికి చేతులు రాలేదు. నేను ఎన్ని రోజులు మెట్ల మీద కూర్చున్నా నాకు ఆ చాటు సంగతి తట్టేది కాదు. హరిచందనకు చదివి వినిపిస్తే ఈసారి చప్పట్లు కొట్టలేదు. లేచి వాళ్ళమ్మకు ఫోన్ చేసుకుంది.

హాస్టల్ సగం ఖాళీ అయింది. పండుగకు అందరూ వెళ్తున్నారు. నువ్వు రాకన్నావు కాబట్టి నేను ఇక్కడే ఉంటాను. నీ పోయిన ఉత్తరం నాలుగుసార్లు తిరగేశాను, రమ్మన్న మాట ఎక్కడా కనిపించలేదు. తార్నాకలో గుడికి వెళ్తాను. ఆ సాయంత్రం మీ నాటకం మొదలయ్యే వేళకు ఇక్కడ కూర్చొని మొత్తం నాకు నేనే చదువుకుంటాను.

ఇంకొకటి మొదలుపెట్టాను. పరీక్షలకు చదువుతూ చదువుతూ హాస్టల్లోనే ముదిరిపోతున్న ఆడపిల్లల మీద. మెస్సులో వడ్డించే అక్క కూడా ఉంది. ఈసారి అందరినీ ముందే అడిగి రాస్తున్నాను. పరీక్షా రాస్తాను, నాటకమూ రాస్తాను. రెండిట్లో ఏదీ వదలను, నువ్వు వద్దన్నా సరే.

నీ
స్వర్ణ

*

గుండ్లపల్లి,
28 డిసెంబరు 2025

స్వర్ణ బిడ్డకు చిన్నమ్మ దీవెనలు.

నీకు బుద్ధి లేదు. రాకు అంటే రాకుండా ఉంటావా? కోపంలో అన్న మాట అది. అమృతమ్మ వదిన ఎదురుపడితే నువ్వు తలెత్తుకోలేవని, నాలుగు రోజులు పోనిద్దామని అన్నాను. దీవెనలు రెండింతలు రాశాక ఇంకా రమ్మని వేరే చెప్పాలా? జనగామ బస్సు వచ్చినప్పుడల్లా ఎవరినో ఒకరిని రోడ్డు మీదికి పంపాను. చివరి బస్సుకు నేనే వెళ్ళాను. నీ ఉత్తరం పండుగ మర్నాడు చేతికి వచ్చింది. చదివి నన్ను నేను తిట్టుకున్నాను, తర్వాత నిన్ను తిట్టాను.

నీకు చూపించడానికి వీడియో కూడా లేదు. మీ చిన్నాయనకు ఫోన్ ఇచ్చి తీయమన్నాం. ఎప్పుడూ దాన్ని వదలని మనిషి కదా, బాగా తీస్తాడనుకున్నాం. ఫోన్ ఎత్తి పట్టుకొని నాటకం చూస్తూ చూస్తూ నొక్కడం మరిచిపోయాడు. కాబట్టి నేను రాస్తేనే నీకు తెలుస్తుంది. విను.

కాపరి వేషం వేసిన పిల్లాడు తోడేలు మాట మరిచిపోయాడు. జనం చూస్తున్నారు. నా ముందు పెట్టె లేదు, నొక్కడానికి ఏమీ లేదు, నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వాడు చేతికర్ర నేలకు ఆనించి, "తోడేలు ఇంక రాలే. వచ్చినంక చెప్త" అన్నాడు. అందరూ నవ్వారు. వాడూ నవ్వి మిగతాదంతా తప్పు లేకుండా చెప్పాడు.

అమృతమ్మ వదిన లాంతరు పట్టుకొని వచ్చింది. ఆమెకు మైకు అక్కర్లేకపోయింది. "ఈ మొగోళ్ళ నడుమ నీకు జాగేంది బిడ్డా? నడువు, కొట్టంల చాటుంటది" అని మరియ వేషం వేసిన పిల్ల నడుము చుట్టూ చెయ్యి వేసింది. ఆ పిల్ల అయ్యగారి చిన్నబిడ్డ, ఏడవమని ఎవరూ చెప్పలేదు, ఏడ్చింది. ఆడవాళ్ళ వైపు వెనక నుంచి ఎవరో ముసలామె "గట్లనే జేస్తరు, గట్లనే" అన్నది. నేను చీరలతో కుట్టిన వేషాలు చూడటం మానేసి అమృతమ్మ వదిన ముఖమే చూస్తూ కూర్చున్నాను. నువ్వు లేవని ఆ ఒక్క ఘడియ మరిచిపోయాను. మిగతాసేపంతా మరిచిపోలేదు.

ఇక నా సంగతి. నవ్వకు.

ఈస్టరుకు నాటకం నేను రాస్తున్నాను. ముగ్గురు ఆడవాళ్ళు తెల్లవారుజామున ప్రభువు సమాధి దగ్గరికి వెళ్తారు కదా. సమాధికి మూసిన అంత పెద్ద రాయి మనకోసం ఎవరు దొర్లిస్తారని దారిలో మాట్లాడుకున్నారట. వాక్యంలో వాళ్ళ మాట అదొక్కటే ఉంది. అంత దారి నడిచారు, అంత దుఃఖంలో ఉన్నారు, ముగ్గురూ ఆడవాళ్ళు, ఆ ఒక్క మాటే మాట్లాడుకున్నారంటే నేను నమ్మను. అవి నేను రాస్తున్నాను. రాత్రి అన్నాలయ్యాక అమృతమ్మ వదిన వస్తుంది. ఒకామె మాట నేను చెప్తాను, ఒకామె మాట ఆమె చెప్తుంది. మూడో ఆమె మాట దగ్గర ఇద్దరం కొట్లాడుకుంటున్నాం.

మా ముగ్గురు ఆడవాళ్ళూ చెప్పులు వేసుకొని ఇంట్లోంచి బయలుదేరారు. ఊరు దాటారు. ఇంకా చీకటిగానే ఉంది. రాయి దగ్గరికి వెళ్ళాక ఏమంటారో మాకు ఇంకా తెలియలేదు. నువ్వు చెప్పకు.

ఇట్లు,
చిన్నమ్మ ఈరమ్మ